రేకు ఆగినచోట

ఇంజనీరు వస్తున్నాడని తెలిసి శ్యామ్ బాబు నిచ్చెన దాచేసేడు.

ఆ సంగతి సలోమికి ఉదయం ఎనిమిదింటికి తెలిసింది. మెట్లకింద గోడకి ఆనించి ఉండే అల్యూమినియం నిచ్చెన అక్కడ లేదు. పెరట్లో చూసింది, మోటారు గదిలో చూసింది. చివరికి కొబ్బరితోట కంచె దగ్గర, ఎండుమట్టల పోగు కిందనుంచి రెండు రబ్బరు కాళ్ళు బయటికి కనిపించేయి.

అయిదో తరగతి పిల్లలు చేసే పని. ఇంకో ఏడునెలల్లో రిటైరవబోయే రెవెన్యూ ఉద్యోగి చేసిన పని.

ఆమె ఎవర్నీ కేకెయ్యలేదు. మట్టలు పక్కకి లాగి, నిచ్చెన ఒక్కర్తే ఈడ్చుకుంటూ వచ్చి వరండాలో పెట్టింది. టేబుల్ దగ్గర టీ తాగుతున్న శ్యామ్ బాబు ఆ చప్పుడు విని తలెత్తేడు. నిచ్చెన చూసేడు, భార్య చేతులకంటిన మట్టి చూసేడు. గ్లాసు కింద పెట్టేసి కిటికీవైపు తిరిగేడు.

మంగళవారం నుంచి వాళ్ళిద్దరిమధ్యా మాటల్లేవు. గ్యాస్ అయిపోయింది, గేటు తాళం ఎక్కడుంది, అంతే.

మంగళవారం ఆమె అనకూడని మాటే అంది. అనకుండా ఎలా ఉండగలదు? కేజీ వంకాయల్లో రెండు పుచ్చులొస్తే సంచీ పట్టుకుని మళ్ళీ ముక్తేశ్వరం సెంటరుకి వెళ్ళే మనిషి ఆయన. అలాంటివాడు కొత్తింట్లో జూన్ నుంచి నీళ్ళు కారుతుంటే నోరు మెదపడు. బిల్డర్ గోపీకృష్ణని గట్టిగా అడగడు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేద్దామంటే వద్దంటాడు. ఎందుకు వద్దో చెప్పడు. పోనీలే, పైన టార్పాలిన్ కప్పిద్దాం అంటాడు.

"గోపీకృష్ణ దగ్గర మీరేమైనా తీసుకున్నారా?" అని అడిగింది.

ఆయన ఔననలేదు, కాదనలేదు. చెంపమీద కొట్టించుకున్నట్టు చూసి లేచి వెళ్ళిపోయేడు.

నీళ్ళు కారేది మేడమీద సుస్మిత గదిలో. కూతురు విశాఖపట్నంలో చదువుకుంటోంది. సెలవులకి వస్తే ఉంటుందని ముచ్చటపడి కట్టించిన గది. దాని ముందు భాగంలో అందానికని వాలుగా మంగుళూరు పెంకుల కప్పు వేసేరు. ఆ కప్పు వచ్చి మెట్లగది గోడని తాకేచోట నీళ్ళు లోపలికి దిగకుండా ఒక రేకు పట్టీ వెయ్యాలి. గోడలో గాడి కొట్టి, రేకు మడిచి దాంట్లోకి దూర్చి, పెంకుల మీదకి దింపాలి. బిల్డర్లు దాన్ని ఫ్లాషింగ్ అంటారు. ఆ పట్టీలోనే ఏదో లోపం ఉందని సలోమికి అర్థమయింది గానీ ఏం లోపమో ఎవరూ చెప్పరు.

గోపీకృష్ణ మూడుసార్లు పనివాళ్ళని పంపించేడు. మూడుసార్లూ ఒకటే తంతు. పొద్దున్నే వస్తారు, నిచ్చెనెక్కుతారు, కాసేపు ఏమీ చప్పుడుండదు. మధ్యాహ్నానికల్లా దిగి, సామాను తెచ్చుకుంటామండీ అని వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. ఆఖరిసారి వచ్చిన ముసలి మేస్త్రీ తన తాపీ కూడా టెర్రస్ మీద వదిలేసి వెళ్ళేడు. కబురు పెట్టినా దానికోసం రాలేదు.

*

ఇంజనీరు రాజేంద్ర పదింటికి వచ్చేడు. రిటైరై ఆరేళ్ళయిన మనిషి. అమలాపురంలో లాయరు చెప్పగా ఆమె పిలిపించుకుంది. ఆయన రాసిచ్చే రిపోర్టు ఫిర్యాదుతో జతచెయ్యాలి.

సన్నగా చినుకులు పడుతున్నాయి. వాన తగ్గేదాకా కూర్చోమంది సలోమి. ఫరవాలేదమ్మా, తడిలోనే తప్పు కనిపిస్తుంది అన్నాడాయన.

టెర్రస్ మీద నిచ్చెన వేసి పట్టుకున్నది ఆమే. శ్యామ్ బాబు కింద హాల్లో పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మెట్లెక్కుతూ చూసినప్పుడు మొదటి పేజీలో ఉన్నాడు. పావుగంట తర్వాత మెట్ల మలుపులోంచి వంగి చూస్తే ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాడు.

రాజేంద్ర చాలాసేపు పైన ఉండిపోయేడు. ఫోనుతో ఫొటోలు తీసేడు. టేపుతో కొలిచేడు. దిగేక కళ్ళజోడు తుడుచుకుని, మాట ఎక్కడ మొదలుపెట్టాలా అన్నట్టు నిలబడ్డాడు.

మూడువంతుల్లో రెండువంతుల పని చాలా బాగుందన్నాడు. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో ఇంత శుభ్రంగా వేసిన రేకు తను చూడలేదన్నాడు. మడత ఎక్కడా చెక్కుచెదరలేదు, స్క్రూలు దారం పట్టుకుని కొట్టినట్టున్నాయి. చెయ్యితిరిగిన మనిషి వేసేడు. అంత బాగా వచ్చిన రేకు ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి నాలుగడుగులమేర రేకే లేదు. గాడిలో సిమెంటు పులిమి వదిలేసేరు. అది పగిలి నీళ్ళు గోడలోకి దిగుతున్నాయి.

"అయితే పని పూర్తిచెయ్యకుండానే ఇల్లు అప్పగించేడన్నమాట" అంది సలోమి. ఆమెకి ఒకవిధంగా తేలికైంది. తప్పు ఎవరిదో తేలింది.

రాజేంద్ర ఫోను ఆమె ముందుకి చాపేడు. రేకు ఆగిపోయినచోట తీసిన ఫొటో. చివరి అడుగున్నర రేకు గోడనుంచి విడిపోయి కిందకి వంగిపోయి ఉంది. రెండు స్క్రూలు ఊడి, వాటితోపాటు గోడలోంచి గచ్చు పెళ్ళ వచ్చేసింది. అంచు రెండుచోట్ల పిండి ముద్ద నొక్కినట్టు నొక్కుకుపోయి ఉంది.

"గాలికండీ?" అంది ఆమె. "మేలో గాలివాన వచ్చింది."

"గాలికైతే పైకి లేస్తుందమ్మా. ఇది కిందకి వంగింది. బరువు పడితేనే ఇలా వంగుతుంది." ఆయన ఫొటో మీద వేలు ఉంచి ఆగేడు. "దీనికింద నాలుగు పెంకులు తర్వాత మార్చినవి. రంగు తేడా ఉంది చూడండి. ఇక్కడ ఎవరైనా పడ్డారామ్మా?"

"లేదండీ. మా ఇంటి పనిలో ఎవరికీ ఏమీ కాలేదు."

ఆమె ఎంతో నమ్మకంగా అంది. అని, ఎవరో ఉన్నట్టనిపించి వెనక్కి తిరిగింది. మెట్లగది గుమ్మంలో శ్యామ్ బాబు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చేడో తెలీదు. ఆయన ఆ ఫొటోకేసి చూడటంలేదు. తడిసిన పెంకులవైపు చూస్తున్నాడు. ముప్ఫైయేళ్ళు పిల్లల మొహాలు చదివిన హెడ్మిస్ట్రెస్ ఆమె. ఆ మొహం చదవడానికి క్షణం పట్టలేదు.

రాజేంద్ర ఇద్దర్నీ చూసేడు. సోమవారం రిపోర్టు పంపిస్తానని, టీ కూడా వద్దని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయేడు.

*

"ఎవరు?" అంది సలోమి.

"గోపీకృష్ణని రమ్మన్నాను. రానీ" అన్నాడు శ్యామ్ బాబు. నాలుగు రోజుల్లో అదే మొదటి పెద్ద మాట.

గోపీకృష్ణ కొత్తపేటనుంచి ముప్పావుగంటలో వచ్చేడు. నలభైయేళ్ళుంటాయి. మాట మెత్తన. ఎప్పట్లాగే చెప్పులు గేటు దగ్గరే విడిచేడు, ఎప్పట్లాగే సోఫాలో కూర్చోలేదు. ఈ పదకొండు నెలల్లో అతను ఎన్నిసార్లొచ్చినా మేడమీదకి ఒక్కసారీ రాలేదని సలోమికి అప్పుడు తట్టింది. ప్రతిసారీ కిందనుంచే పైకి చూసి, ఆయ్, చేయించేద్దామండీ అనేవాడు.

ఆమె రేకు సంగతి చెప్పింది. అతను శ్యామ్ బాబుకేసి చూసేడు. శ్యామ్ బాబు తలూపేడు.

అప్పుడు గోపీకృష్ణ చెప్పేడు. మధ్యలో ఆగలేదు. ఇన్నాళ్ళూ మనసులో చెప్పుకుంటూ ఉన్నదే పైకి చెప్పినట్టు చెప్పేడు.

కిందటి అక్టోబరు, గురువారం. ఆదివారం గృహప్రతిష్ఠ కూడిక. రెండురోజులుగా ముసురు. రేకు పని చేసే మనిషి అల్లవరంవాడు, పేరు మాణిక్యాలరావు. పెంకులు జారుతున్నాయి, వాన వెలిసేక వేద్దామని గోపీకృష్ణే అతన్ని కిందకి దింపేడు. ఇద్దరూ టెర్రస్ మీద మెట్లగదిలో నిలబడి బీడీ ముట్టించుకునేసరికి ఫోను మోగింది. చేతులకి సిమెంటు ఉండటంతో గోపీకృష్ణ స్పీకర్ నొక్కేడు.

"ఆ ఫోను నాదే" అంది సలోమి.

ఆయ్ అన్నాడతను నేలకేసి చూస్తూ.

ఆమెకి గుర్తుంది. స్కూలు స్టాఫ్‌రూంలోంచి చేసింది. ముందర పరీక్ష పేపర్ల కట్టలు. ఆదివారం రెండొందలమంది వస్తారంది. పాస్టరుగారు రాజమండ్రినుంచి వస్తున్నారంది. సగంలో ఉన్న ఇంటిని ప్రతిష్ఠ చేయించమంటారా అంది. ఇంకోమాట కూడా అంది. ఆ మాట గోపీకృష్ణ చెప్పకుండా ఉంటే బాగుండునని ఆమె అనుకుంది.

"చినుకులేగా అన్నారండి" అన్నాడు గోపీకృష్ణ. "మాణిక్యాలరావు నవ్వేడండి. అమ్మగారు అన్నదీ నిజమే, చినుకులే అని బీడీ ఆర్పేసి ఎక్కేడు."

కాలు జారేక అతను రేకు పట్టుకున్నాడు. తను వేసిన రేకే. పదంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకున్నాడు. గోపీకృష్ణ తాడుకోసం కిందకి పరిగెత్తేడు. తాడు దొరికింది గానీ అప్పటికి రేకు వంగిపోయింది. పోర్టికో పక్కన ఇటుకల మీద పడ్డాడు. అక్కడ శ్యామ్ బాబు ఉన్నాడు, ఆదివారం షామియానాకి కొలతలు చూస్తూ. ఆటోలో తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రిదాకా వెళ్ళింది ఆయనే.

"బతికున్నాడా?"

"ఉన్నాడండి. నడుం కిందనుంచి స్పర్శ లేదండి."

ఆమె ఇంకొక్కటే అడిగింది. పంపించిన పనివాళ్ళంతా ఎందుకు వెళ్ళిపోయేరని.

"పైకెక్కి చూస్తారండి. వేళ్ళు నొక్కుకున్న గుర్తులు అలాగే ఉన్నాయి కదండీ. అది పీకి కొత్తది వెయ్యాలంటే దానిమీదే చెయ్యి వెయ్యాలి. ఎవరూ వెయ్యరండి." అతను ఆగేడు. "నేనొక్కణ్ణే వచ్చి వేద్దామనుకున్నానండి, మీరు స్కూలుకెళ్ళినప్పుడు. రెండుసార్లు వచ్చేను. నిచ్చెన సగందాకా ఎక్కి దిగిపోయేను."

*

గోపీకృష్ణ వెళ్ళేక వాళ్ళిద్దరూ మిగిలేరు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అంది సలోమి.

ఆదివారం అయ్యేక చెబుదామనుకున్నానన్నాడు శ్యామ్ బాబు. ఆ మూడురోజులూ ఆమె వంటవాళ్ళతోనూ చుట్టాలతోనూ సతమతమవుతోంది. అయ్యేక నిదానంగా కూర్చోబెట్టి చెబుదామనుకున్నాడు.

"మరి అయ్యేక?"

"నువ్వు సాక్ష్యం చెప్పేవు" అన్నాడు.

ఆమెకి వెంటనే అర్థంకాలేదు. అర్థమయ్యేక కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఆ ఆదివారం, పాస్టరుగారు రిబ్బను కత్తిరించేక, ఇంటి యజమానురాల్ని రెండుమాటలు చెప్పమన్నారు. ఆమె పోర్టికో మెట్టుమీద మైకు పట్టుకుని నిలబడింది. ఏడాదిన్నర పని జరిగితే ఒక్కరి కాలికి ముల్లైనా గుచ్చుకోకుండా ఈ ఇంటిని నిలబెట్టిన దేవునికి స్తోత్రం అంది. రెండొందలమంది ఆమెన్ అన్నారు. ఆమె నిలబడ్డ మెట్టుకి ఇటుకలున్నచోటు నాలుగడుగుల దూరం. ఆ రోజుకి వాటిని తీసేసి, కుంకుమపువ్వు రంగు బంతిపూల కుండీలు పెట్టించేరు.

"పనివాళ్ళలో ఆరుగురు ఆ వెనక బల్లమీద కూర్చుని విన్నారు" అన్నాడు శ్యామ్ బాబు. "వాళ్ళు నావంక చూసేరు. నేను ఆమెన్ అన్నాను సలోమీ. అన్న తర్వాత ఇంక ఏం చెప్పను?"

ఆమె లేచి మేడమీదకి వెళ్ళింది. ఆయన వెనక రాలేదు.

సుస్మిత గదిలో చెమ్మవాసన. గోడ పైమూలనుంచి కిందకి గోధుమరంగు చార దిగింది. ఇన్నాళ్ళూ ఆ చారని చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. ఇప్పుడు దానికి వీపు పెట్టి కూర్చోలేకపోయింది, ఎదురుగానూ కూర్చోలేకపోయింది.

ఆమె తాత కూలిమనిషి. కామందు ధాన్యపుకొట్టుకి తాటాకు కప్పుతూ పడి, మూడేళ్ళు మంచంలో ఉండి పోయేడు. అమ్మమ్మ ఆ కథ ఎన్నోసార్లు చెప్పేది. పడినందుకు ఆవిడకి కోపం లేదు. ఆ మూడేళ్ళలో కామందుగానీ కామందు భార్యగానీ ఒక్కసారి గుమ్మంలోకి తొంగిచూడలేదని కోపం. ఆ ఇంటి పేరు చెప్పి, అలాటివాళ్ళం మాత్రం కాకూడదమ్మా అనేది. ఆ మాట మీదే సలోమి తల్లి చదివింది, సలోమి చదివింది, టీచరయింది. స్కూల్లో పిల్లలకి కూడా ఆ కథ చెప్పింది. తను పదకొండు నెలలుగా తొంగిచూడలేదు.

మర్నాడు శనివారం. పొద్దున్నే చీర మార్చుకుని కిందకి దిగింది.

"అల్లవరం తీసుకెళ్ళండి."

"నేను ప్రతి శనివారం వెళ్తూనే ఉన్నాను" అన్నాడు శ్యామ్ బాబు.

శనివారాలు ఆయన చర్చి బిల్డింగు కమిటీకి వెళ్తున్నాడనే ఆమె అనుకుంటోంది. ఆయన స్కూటరు తీసేడు.

*

అమలాపురం దాటేక దారికిరువైపులా రొయ్యల చెరువులు. చెరువుల్లో గాలిచక్రాలు నీళ్ళని చిమ్ముతూ తిరుగుతున్నాయి. గాలిలో ఉప్పువాసన. దారంతా ఆమె ఆయన భుజంమీద చెయ్యి వెయ్యలేదు. వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది.

కాలనీ మొదట్లో దిగి, మీరు ఇక్కడే ఉండండంది.

మాణిక్యాలరావు ఇల్లు రెండు గదుల సిమెంటు రేకుల ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన నవారు మంచం. దానిమీద గోడకి దిండ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి చేతులు బలంగా ఉన్నాయి. దుప్పటి కింద కాళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత సన్నగా ఉన్నాయి. ఒళ్ళో చెక్కపలక, దానిమీద తుక్కు రేకులు, కత్తెర. రొయ్యల మేత కొలిచే డబ్బాలు మడుస్తున్నాడు. అతని భార్య పెద్దింట్లమ్మ గుమ్మంలోనే నిలబడి, వచ్చినావిణ్ణి కూర్చోమనలేదు.

"నేను ముక్తేశ్వరం నుంచండీ" అంది సలోమి. "ఆ ఇల్లు..."

"తెలుసండి" అన్నాడు మాణిక్యాలరావు. "మీ గొంతు తెలుసండి."

అతను ఆమెని ఎప్పుడూ చూడలేదు. ఆమె గొంతు కూడా ఒక్కసారే విన్నాడు.

అతను నవ్వేడు. అందులో ఎత్తిపొడుపు వెతికింది సలోమి. కనిపించలేదు. కనిపిస్తే కాస్త నయంగా ఉండేది. డబ్బా పక్కన పెట్టి, ఈ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి కదండీ అన్నాడు. తర్వాత తనకి నిజంగా కావలసింది అడిగేడు.

"కారుతోందాండీ?"

లేదని చెప్పెయ్యాలనిపించింది. నోటిదాకా వచ్చింది.

"కారుతోందండీ" అంది.

అతను కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఏ మూలనుంచి, ఎంతమేర దిగిందని అడిగేడు. ఆమె చెబుతుంటే వేలితో దుప్పటిమీద గీత గీసుకుంటూ విన్నాడు. నాలుగడుగులు మిగిలిపోయిందండి, కోసి కూడా ఉంచేను అన్నాడు. ఆ పాత ముక్కని అలాగే వదిలేస్తే ఎన్ని సిమెంట్లు పూసినా లాభంలేదన్నాడు. పీకెయ్యాలండి, ఎవరైనా పీకెయ్యాలి, నేను వేసిందని చూడకూడదు అన్నాడు.

"సార్‌గారితో చాలాసార్లు చెప్పేనండి, కుర్చీలో తీసుకెళ్ళండి, కింద కూర్చుని చెబుతాను, ఇంకొకడు వేస్తాడు అని. ఆ మాట ఎత్తితే ఆయన ఏడుస్తారండి. ఇంక ఎత్తడం మానేసేను."

సలోమి కింద గచ్చుమీద కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

"నేను ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది.

అబ్బే, మీ తప్పేముందండీ అంటాడని ఆమె ఎదురుచూసింది. ఈ నేలమీద ఎవరైనా మర్యాదకైనా అనేమాట అది. అతను కత్తెర తెరిచి, మూసి, పలకమీద పెట్టేడు.

"మీరనకపోతే ఎక్కేవాణ్ణో లేదోనండి" అన్నాడు. "రోజూ అదే ఆలోచిస్తానండి. ఒకరోజు ఎక్కేవాణ్ణే అనిపిస్తుంది. ఇంకోరోజు బీడీ పూర్తిచేసేవాణ్ణి అనిపిస్తుంది."

*

పెద్దింట్లమ్మ వీధిదాకా సాగనంపడానికి వచ్చింది. లోపల ఒక్కమాటా మాట్లాడని మనిషి బయటికొచ్చేక ఆగి, చుట్టూ చూడమంది.

"ఏం కనిపించిందండీ?"

సలోమికి అర్థంకాలేదు. సిమెంటు బాట, బట్టలారేసిన తాడు, నీళ్ళకుళాయి.

"కొబ్బరిచెట్టు ఉందాండీ?"

లేదు. ఆ వరస మొత్తంలో ఒక్క చెట్టూ లేదు.

"మా ఆయన మా ఇంటి కొబ్బరిచెట్టు ఎక్కి పడ్డాడని రాసుందండి" అంది పెద్దింట్లమ్మ. "ఆస్పత్రిలో పోలీసాయన వచ్చి అడిగితే, ముందే రాసి ఉంచిన కాగితం ఇచ్చేరు. నాచేత వేలిముద్ర వేయించేరు. నాకు చదువు రాదండి. మూడునెలలు పోయేక మా ఆడపడుచు చదివి చెప్పింది."

ఆ కాగితం మూలాన పనిలో పడ్డవాళ్ళకి సర్కారు చేసేదేదీ వాళ్ళకి అందలేదు. ఏ ఆఫీసుకెళ్ళినా చెట్టు మీంచి పడ్డాడుగా అంటున్నారు. ఊళ్ళో, తాగి ఎవరి చెట్టో ఎక్కేడని చెప్పుకుంటున్నారు. ఇరవయ్యేళ్ళు మేడలమీద పనిచేసి ఒక్క పెంకు పగలగొట్టని మనిషి కిటికీలోంచి అది వింటూ కూర్చున్నాడు. ఇవన్నీ ఆమె గొంతు పెంచకుండా చెప్పింది.

"మీరు కేసు వేస్తున్నారని గోపీకృష్ణగారు చెప్పేరండి. నీళ్ళు కారుతున్నాయని రాస్తారు కదండీ. ఎందుకు కారుతున్నాయో కూడా రాయండి. రేకు ఎందుకు ఆగిపోయిందో, ఆయన ఎక్కడ పడ్డాడో రాయండి. మేం మిమ్మల్ని ఇంకేమీ అడగం. రాస్తారాండీ?"

"రాస్తాను" అంది సలోమి. పదకొండు నెలల్లో తను చెయ్యగలిగిన ఒక్క పని ఇదే అనిపించింది. "తప్పకుండా రాస్తానమ్మా."

పెద్దింట్లమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. చీర కుచ్చెళ్ళలోంచి మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. దాంట్లో జెరాక్స్ కాగితం.

"ఇది ఎవరు రాసేరో మా ఆయనకి తెలీదండి. నేను చెప్పలేదు. వారమంతా ఆ శనివారం కోసం ఎదురుచూస్తాడండి. అది కూడా తీసేస్తే ఈయనకి ఇంకేం మిగల్దు."

అని, వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సలోమి నాలుగడుగులు నడిచి, ఎవరిదో మూసిన కొట్టు చూరుకింద ఆగి కాగితం విప్పింది. వాఙ్మూలం. మాణిక్యాలరావు భార్య పెద్దింట్లమ్మ చెప్పగా వ్రాసినది. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి సమానదూరంలో, ముత్యాల్లా ఉన్నాయి. కొట్టివేత ఒక్కటి లేదు. 'ళ'కారం కింద కొంచెం వెనక్కి తిప్పిన కొస.

ఆ చేతిరాతంటే ఆఫీసులో అందరికీ గౌరవం. ఆమె ఇంట్లో బైబిలు మొదటిపేజీలో పెళ్ళిరోజూ, సుస్మిత పుట్టినరోజూ ఆ రాతలోనే ఉన్నాయి.

ఆమె మొత్తం చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఏడునెలల్లో రిటైరవబోయే ప్రభుత్వోద్యోగి, పోలీసులకిచ్చే వాఙ్మూలం అబద్ధమని తెలిసి తన చేత్తో రాసేడు. ఇది బయటపడితే ఆ ఏడునెలలూ ఉండవు, పింఛనూ ఉండదు. అంతకన్నా పెద్దవే జరగొచ్చు.

రోడ్డుమీద శ్యామ్ బాబు స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరకి రావడం చూసేడు. చేతిలోని కవరు చూసేడు. అది ఏమిటని అడగలేదు.

"అందరూ కంగారులో ఉన్నాం" అన్నాడు. "ఎవరో ఒకళ్ళు రాయాలన్నారు. నా రాత బాగుంటుందని నాకిచ్చేరు. రాసేసేను."

చెరువుల్లో గాలిచక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"ఆవిడేం అడిగింది?"

"జరిగింది జరిగినట్టు రాయమంది."

"నువ్వేమన్నావు?"

"రాస్తానన్నాను" అంది సలోమి. "ఇది విప్పకముందు."

ఆ తర్వాతి మాట కోసం శ్యామ్ బాబు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట ఏమిటో ఆమెకీ ఇంకా తెలీదు.